ఆ ఏటి వగరు

గారోన్ నదిని చూడగానే నా నోట వచ్చిన మొదటి మాట, "వరదొచ్చిందేంట్రా?" అని.

సెప్టెంబరు నెలాఖరు. ఎండ హాయిగా కాస్తోంది. వాన పడి పది రోజులు దాటిందట. నది మాత్రం చిక్కటి గోధుమరంగు నీళ్ళతో, బోర్డో ఊరి పక్కన నెలవంకలా ఒంగి పోతోంది. మా తమ్ముడు ఆ ఊళ్ళో నాలుగేళ్ళుగా ఉంటున్నాడు. "వరద కాదక్కా, ఏడాది పొడుగునా ఇదే రంగు. సముద్రం ఇక్కడికి వంద కిలోమీటర్లు. అయినా పోటు ఊళ్ళోకి వచ్చేస్తుంది. ఆ ఆటుపోట్ల మధ్య మట్టికి అడుక్కి దిగే తీరికెక్కడిది?" అన్నాడు.

మాది కోనసీమ, గౌతమి పాయ ఒడ్డు. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు ఏటిగట్టు మీద నిలబడి చూస్తూ పెరిగినదాన్ని. తెలియని దేశంలో మొదటి సాయంత్రమే ఆ రంగు ఎదురయ్యేసరికి కాళ్ళు కదల్లేదు. రాతి వంతెన 17 కమానుల కింద నీళ్ళు సుళ్ళు తిరుగుతుంటే చాలాసేపు చూస్తూ ఉండిపోయాం. నెపోలియన్ కట్టమన్న వంతెన అది, 1822లో పూర్తయింది. అంతకుముందు ఆ ఊరికి గారోన్ మీద వంతెనే లేదు. మా రేవుల్లాగే పడవలే దిక్కు.

చిన్నప్పుడు నాకు ఫ్రాన్స్ అంటే యానాం. ఎదుర్లంక రేవులో పంటెక్కి దిగితే, ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఏలిన ఊరు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టాక మా ఊరి మగవాళ్ళు కొందరు సాయంత్రమైతే ఆ నిషేధం లేని యానాంకి పోయే పంటు కోసమే కాచుకుని ఉండేవారు. తిరిగొచ్చాక ఆ ఇళ్ళల్లోంచి వినిపించిన ఏడుపులు నాకింకా గుర్తు. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన రోజుల్లో మా అమ్మ కూడా మా ఊళ్ళో ఊరేగింపులో నడిచింది. కాబట్టి వైన్ గ్లాసు చేతిలోకి తీసుకోవడం నాకు తేలికైన పని కాదు. మన భాషలో మందు అనే ఒక్క మాటలో మూడున్నాయి: రోగానికి వేసుకునేది, పంటకి కొట్టేది, మనిషి తాగేది. వాటిలో చివరి రెండూ ఒకే రోడ్డు పక్కన నాకు ఎదురవుతాయని బయల్దేరేటప్పుడు తెలియదు.

బోర్డోలో ఉన్న మూడు రోజుల్లో నేను కొత్తగా నేర్చుకున్నది పలకరింపు. కొట్లోకి అడుగుపెట్టగానే ముందు "బోఁజూర్" అనాలి. ఏం కావాలో ఆ తరవాత. మొదటిరోజు రొట్టెల కొట్లో నేను నేరుగా వేలు పెట్టి చూపించాను. బల్ల వెనక ఉన్న పెద్దావిడ కోప్పడలేదు. నా కళ్ళలోకి చూసి "బోఁజూర్, మదామ్" అంది, నేను తిరిగి అనేదాకా ఆగింది. మా ఊళ్ళోనూ అంతే కదా! "ఏమ్మా, ఎప్పుడొచ్చావు, నాన్న బాగున్నారా" అని అడక్కుండా శెట్టిగారు పావుకిలో పప్పు తూచి ఎరగరు. నగరాల్లో పడి ఆ అలవాటు పోగొట్టుకున్నది నేనే.

ఆవిడ దగ్గర కొన్న మిఠాయి పేరు కనెలే. రాగి అచ్చుల్లో కాలుస్తారు. పైన నల్లబడి కరకరలాడుతుంది, లోపల జున్నులా మెత్తగా, రమ్మూ వెనిలా వాసనతో ఉంటుంది. దీని పుట్టుక గురించి అక్కడ ఒక కథ చెబుతారు. వైన్‌ని తేటపరచడానికి పీపాకి ఐదారు కోడిగుడ్ల తెల్లసొన వాడేవారట, మిగిలిపోయిన పచ్చసొనలతో సన్యాసినులు ఈ తీపి చేయడం మొదలెట్టారట. కథ మాట ఎలా ఉన్నా తెల్లసొన వాడకం నిజం, ఇప్పటికీ కొన్ని తోటల్లో వాడతారు. అది వినగానే మా అమ్మమ్మ చిల్లగింజ గుర్తొచ్చింది. వరద రోజుల్లో గోదారి నీళ్ళు పోసే ముందు కుండ లోపలి గోడకి ఆ గింజని అరగదీసేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి చేరి, పైన నీళ్ళు అద్దంలా తేరుకునేవి. తెల్లసొన చేసేదీ అలాంటి పనే. వైన్‌లో ఉండే గరుకు వగరుని పట్టుకుని అడుక్కి లాక్కుపోతుంది. సముద్రాల అవతల కూడా ఎవరో ఒకావిడ ఇలాగే పొద్దున్నే కుండలోకి తొంగిచూసి ఉంటుంది అనిపించింది.

నాలుగో రోజు ఉత్తరానికి, మెదోక్‌కి బయల్దేరాం. గారోన్, దోర్దోన్యు నదులు కలిసి జిరోంద్ అనే వెడల్పాటి మొగ అవుతాయి. దాని ఎడమగట్టు మెదోక్. ద్రాక్షతోట అంటే నా కళ్ళకి అలవాటైనవి హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ళు, తలెత్తితే గుత్తులు వేలాడే అనాబెషాహీ. ఇక్కడ గుత్తులు మోకాలి ఎత్తు దాటవు. మీటరుకో వరస, మీటరుకో మొక్క. ఎకరానికి నాలుగు వేల మొక్కలు. ట్రాక్టర్లు పొడుగు కాళ్ళ మీద నిలబడి, ద్రాక్ష వరసని ఆ కాళ్ళ సందున పోనిస్తూ నడుస్తాయి. నేలంతా గులకరాళ్ళు. మా నాన్న చూస్తే "ఈ రాళ్ళల్లో ఏం పండుద్ది?" అని వెనక్కి తిరుగుతాడు. ఆ రాళ్ళే అక్కడి ఆస్తి. వాననీటిని నిలవనివ్వవు, అందుకని వేర్లు నీళ్ళు వెతుక్కుంటూ లోతుకి పోతాయి. పగలు కాగిన రాయి రాత్రి ఆ వెచ్చదనాన్ని గుత్తులకి అందిస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు కాలవలు తవ్వి నీళ్ళు లాగేదాకా ఇక్కడ చాలామేర చిత్తడేనట. మాకు కాలవలు నీళ్ళు తెచ్చి అన్నం పెట్టాయి, వీళ్ళకి నీళ్ళు పట్టుకుపోయి పెట్టాయి.

నది కనిపించే తోటే మంచి తోట అని మెదోక్‌లో ఒక నానుడి ఉంది. అది నిజమో కాదో నేను తేల్చలేను గానీ, గులకమిట్టల మీద నిలబడితే ద్రాక్ష వరసల చివర ఆ గోధుమరంగు నీళ్ళు, ఒడ్డున గుంజల మీద నిలబెట్టిన చిన్నచిన్న చేపల గుడిసెలు, వాటి ముందు వేలాడే చదరపు వలలు కనిపిస్తాయి. మా లంకల్లోంచి ఎవరో ఒక ముక్క కోసుకొచ్చి అక్కడ పెట్టినట్టే ఉంటుంది.

దారిలో ఒకచోట మాత్రం తోట లేదు. వేళ్ళతో సహా పెకిలించిన మొక్కలు కుప్పలుగా పడున్నాయి, కాల్చడానికి. తమ్ముడు కారు ఆపాడు. జనం ఎర్రవైన్ తాగడం తగ్గించారని, బోర్డో చుట్టూ తోటలు తీసెయ్యడానికి 2023లో హెక్టారుకి 6,000 యూరోలు ఇచ్చే పథకం పెట్టారని చెప్పాడు. ప్రపంచమంతా పేరు తెలిసిన నేల కదా, ఇక్కడి రైతుకేం అనుకుంటాం. 2011లో మా కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూడా ఊరి బయటివాళ్ళు అదే అన్నారు: గోదారి నీళ్ళు పారే నేల, మీకేం తక్కువ అని. పెకిలించిన మొదళ్ళు నల్లగా మెలికలు తిరిగి ఉన్నాయి. ఒకదాని కాండం నా పిడికిలి కన్నా లావుగా ఉంది. ఎన్నేళ్ళ మొక్కో. చేత్తో తాకి వచ్చేశాను.

సెయింట్ జూలియన్ చిన్న ఊరు. ఊరి మొదట్లో మనిషిని మించిన ఎత్తున ఒక సీసా బొమ్మ నిలబెట్టారు. అది దాటాక రోడ్డు వారగా ఉన్న వరస దగ్గర నేను ఆగాను. ఆకుల మీద లేతనీలం మరకలున్నాయి. వేలితో రాస్తే పొడి అంటుకుంది. ఆ రంగు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. "ఒరేయ్, ఇది బోర్డో మిశ్రమం" అన్నాను. అన్నాక గానీ ఆ పేరు బోర్డో ఊరిదేనని తట్టలేదు. ముప్ఫయ్యేళ్ళ పైన మా ఇంట్లో రోజూ వాడిన మాటలో ఒక నది ఒడ్డు ఊరు దాగి ఉందని, ఆ ప్రాంతపు తోటలో నిలబడి తెలుసుకున్నాను.

దాని కథ తెలుగు రైతులందరూ తెలుసుకోదగ్గది. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్ష వేర్లని తినేసింది. దాన్ని తట్టుకునే అమెరికా మొక్కల వేరు తెచ్చి, దాని మీద ఫ్రెంచి కొమ్మని అంటు కట్టారు. మన కడియంలో మామిడి అంట్లు కట్టినట్టే. ఆ అమెరికా మొక్కలతోబాటే బూజుతెగులు వచ్చిపడింది. ఆకులు మాడి రాలిపోయేవి. 1882లో బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మియార్దే అనే ఆచార్యుడు ఈ సెయింట్ జూలియన్ తోటల పక్కన నడుస్తూ ఒక సంగతి గమనించాడు. లోపలి మొక్కలన్నీ మోడులై ఉంటే రోడ్డు పక్క వరసలకి మాత్రం ఆకు నిలిచి ఉంది. దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకోకుండా, చూడ్డానికి విషంలా కనబడాలని, తోటవాళ్ళు ఆ వరసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారు. దొంగల్ని బెదిరించడానికి చల్లింది తెగులుని ఆపింది. మియార్దే మూడేళ్ళు పరీక్షలు చేసి 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి చెప్పాడు. అదే మా కొబ్బరి మొవ్వుకుళ్ళుకి, నిమ్మకి, తమలపాకు తోటలకి నూటికి ఒక పాలుగా కలిపి కొట్టే మందు.

మా నాన్న కలిపే తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఇనప బకెట్టు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒక కుండలో కిలో మైలుతుత్తం యాభై లీటర్ల నీళ్ళలో కరిగించేవాడు, ఇంకో కుండలో కిలో సున్నం. ఆ నీలాన్ని ఈ తెలుపులోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో తిప్పుతూనే ఉండాలి, ఆ కర్ర తిప్పడం నా పని. చివర్న చాకు తెచ్చి అందులో ముంచేవాడు. తీసి చూస్తే అంచున ఎర్రగా తుప్పులా పట్టిందంటే ఇంకా సున్నం పడాలన్నమాట. పట్టకపోతే మందు తయారు. "తొందరపడితే ఆకు మాడుద్దమ్మా" అనేవాడు.

మేం వెళ్ళింది తమ్ముడితో పనిచేసే అతని తండ్రి ఇంటికి. డెబ్భై అయిదు దాటిన పెద్దాయన, నలభై ఏళ్ళు ఒక తోటలో పీపాల గది చూసుకుని విరమించాడు. ఆయన అన్నదాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు తమ్ముడు చివర్న "అమ్మా" అని చేర్చేవాడు. ఆయన గొంతుకి ఆ మాట సరిగ్గా నప్పింది.

భోజనానికి ముందు తను పనిచేసిన చోటికే తీసుకెళ్ళాడు. చల్లటి పొడుగాటి గది, వరసలుగా ఓక్ పీపాలు, ఒక్కొక్కటీ 225 లీటర్లు. ఒక పీపా మూత తీసి, గాజుగొట్టం దింపి, కిందటేటి వైన్ నా గ్లాసులో రెండు గుక్కలు పోశాడు. నేరేడుపండు రంగు. వాసన కూడా నల్లటి పళ్ళ వాసనే, పచ్చిగా. నోట్లో పోసుకోగానే నాలుక ఎండిపోయింది. చిగుళ్ళు, బుగ్గల లోపలి చర్మం ఎవరో పట్టి లాగినట్టయింది. ఆ పట్టుని ఏమంటారో చెప్పడానికి పెద్దాయన చేతులు తిప్పుతూ రెండు మూడు మాటలు వెతికాడు, తమ్ముడు ఇంగ్లీషులో వెతికాడు. నాకు వెతుక్కునే అవసరం రాలేదు. "వగరు" అన్నాను.

వగరు. పచ్చి అరటికాయలో, మామిడిపిందెలో, వక్కలో, కరక్కాయలో ఉండేది. ఉగాది నాడు మనం కావాలని పచ్చడిలో కలుపుకునేది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదుల సరసన దానికీ ఒక పీట వేసి కూచోబెట్టాం మనం. మన పెద్దవాళ్ళు దాన్ని రుచుల్లో లెక్కగట్టారంటే అది వదిలించుకోవలసింది కాదని తెలుసుకునే లెక్కగట్టారు. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి, ఓక్ చెక్కలోంచి వైన్‌లోకి దిగేది ఆ వగరే. అది లేని ఎర్రవైన్ ఏళ్ళ తరబడి నిలవదు. ఎర్రవైన్‌కి ఆయుష్షు పోసే వాటిలో ముఖ్యమైనది అదేనని పెద్దాయన చెబుతుంటే, కొత్త ఆవకాయ ఘాటు చూసి "ఇది ఏడాది నిలుస్తుంది" అనే మా అమ్మ గొంతే వినిపించింది.

మధ్యాహ్నం రెండింటికి మొదలైన భోజనం సాయంత్రం ఐదున్నరకి ముగిసింది. రొట్టెని పళ్ళెంలో పెట్టరు, పక్కన గుడ్డ మీదే పెడతారు. ముందు కూరగాయల చారు. పళ్ళెంలో అడుగున కాస్త మిగలగానే పెద్దాయన అందులో కొంచెం ఎర్రవైన్ పోసి, తిప్పి, పళ్ళెం రెండు చేతుల్తో ఎత్తి తాగేశాడు. దాన్ని షబ్రో అంటారట, అక్కడి పల్లెల పాత అలవాటు. కంచంలో మిగిలిన మజ్జిగ ఎత్తి తాగే మా తాతయ్యని చూసినట్టయింది. తరవాత ఎండు ద్రాక్షపుల్లల నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల మాంసం. ఆ నిప్పుల మీద ఒకప్పుడు వసంతంలో అలోజ్ అనే చేపని కాల్చేవారట. సముద్రంలోంచి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతూ వచ్చే చేప, ఒంటినిండా ముళ్ళు, రుచికి సాటి లేదు అని ఆయన వర్ణిస్తుంటే నేనూ తమ్ముడూ ఒకేసారి "పులస!" అన్నాం. నిజంగానే దగ్గర చుట్టాలవి. జిరోంద్‌లో ఆ చేప కరువై 2008 నుంచి పట్టడమే నిషేధించారు. మా గౌతమిలోనూ పులస ఏటికేడు తగ్గిపోతోందని చెప్పాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు.

అప్పుడు సీసా తెచ్చాడు.

మేం వస్తున్నామని తెలిసిన రోజే దాన్ని నేలమాళిగలోంచి పైకి తెచ్చి, రెండురోజులుగా నిలబెట్టి ఉంచాడట. అన్నేళ్ళూ అది పడుకునే ఉంది, బిరడా ఎండిపోకుండా. నిలబెడితే పక్కకి పేరుకున్న మడ్డి అడుక్కి చేరుతుంది. చీటీ అంచులు చెమ్మకి నల్లబడ్డాయి. ఏదో పెద్ద పేరున్న కోట కాదు. 1855లో మూడో నెపోలియన్ హయాంలో మెదోక్ వైన్లకి ఐదు తరగతులు కట్టిన జాబితాలో చోటులేని చిన్న తోట, ఆయన జీవితమంతా పనిచేసిన తోట. చీటీ మీద అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. 1996.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు అప్పటికే నా వైపు చూస్తున్నాడు.

పెద్దాయన గమనించలేదు. పాత బిరడా మరమేకుకి నలిగిపోతుందని, రెండు సన్నటి రేకులుండే పరికరాన్ని బిరడాకీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దింపి, మెల్లగా తిప్పుతూ బయటికి తీశాడు. కొవ్వొత్తి వెలిగించాడు. ఒక చేత్తో గాజు కూజా, ఇంకో చేత్తో సీసా, సీసా మెడ సరిగ్గా మంట పైన. ధార సన్నగా, ఎక్కడా తెగకుండా దిగుతోంది. ఆయన కళ్ళు ధార మీద లేవు, మెడలో కనబడే వెలుగు మీద ఉన్నాయి. చివరికి ఆ వెలుగులోకి పొగలాంటి నల్లటి తీగ ఒకటి పాకింది. టక్కున ఆపేశాడు. సీసాలో రెండు వేళ్ళ మందాన మడ్డి మిగిలింది. అదంతా ఒకప్పటి వగరూ, రంగూను. ఏళ్ళ మీద ఒకదానికొకటి అల్లుకుని, బరువెక్కి, కిందికి దిగిపోయాయి.

ఆ సీసాలో ఏమేమున్నాయో ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. సగానికి పైగా కాబెర్నే సోవిన్యాన్, తరవాత మెర్లో, కొంచెం కాబెర్నే ఫ్రాన్, చిటికెడు పెతీ వెర్దో. వేటికవి విడిగా పులియబెట్టి, చలికాలంలో రుచి చూస్తూ కలుపుతారు. ఒక్క రకమే ఎందుకు వెయ్యరని అడిగాను. మెర్లో ముందు చిగురిస్తుంది, ముందు పండుతుంది. వసంతంలో మంచు పడితే అది పోతుంది. కాబెర్నే ఆలస్యంగా పండుతుంది. కోతలప్పుడు వానలొస్తే అది పోతుంది. రెండూ ఒకే ఏడు పోవడం అరుదు. "మా తాతలు రుచి కోసం కలపలేదమ్మా, భయంతో కలిపారు. రుచి తరవాత తెలిసింది" అన్నాడు. 1996లో మెదోక్‌లో కాబెర్నే బాగా పండింది, అందుకే ఈ సీసాలో దాని పాలు ఎక్కువ. ఈమధ్య ఎండలు ముదిరాక పోర్చుగల్ రకం టురీగా నాసియొనాల్‌ని కూడా మామూలు బోర్డో వైన్లలో కొద్దిగా వెయ్యడానికి అనుమతిచ్చారట. భయం మారింది, కలిపే పాళ్ళూ మారుతున్నాయి.

అప్పుడు చెప్పాను ఆయనకి, ఆ ఏడు మా ఇంట్లో ఏం జరిగిందో.

1996 నవంబరు 6. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి ఐదు. సాయంత్రం మొదలైన గాలి చీకటి పడ్డాక ఇంజను కూతలా మారింది. మా నాన్న మమ్మల్ని గాదె కింద కూచోబెట్టి పైన పరుపులు వేశాడు. రాత్రంతా చెట్లు విరుగుతున్న చప్పుళ్ళు లెక్కపెట్టాను, ఒక దశలో లెక్క తప్పిపోయింది. తెల్లారి బయటికొస్తే మా నూతి దగ్గర ఎండ పడింది. నేను పుట్టినప్పట్నుంచీ అక్కడ ఎండ పడ్డం ఎరగను. మా తోటలో 130 చెట్లకి 34 నిలబడ్డాయి. కోనసీమ మొత్తం మీద వెయ్యిమందికి పైగా పోయారు, వేటకెళ్ళి తిరిగిరానివాళ్ళు చాలామంది. నిలబడిన చెట్లకీ మొవ్వు మెలిపడిపోయింది. నీళ్ళు నిలిచి కుళ్ళు పడుతుందని నాన్న మూడోనాడే మైలుతుత్తం కోసం అమలాపురం నడిచి వెళ్ళాడు. దింపు తీసే మా పెద్దోడు బాబాయి ఒక్కొక్క చెట్టూ ఎక్కి మొవ్వులో ఆ నీలం మందు పోశాడు. కొబ్బరి లేని ఆ ఏడాది మమ్మల్ని నిలబెట్టింది కంద. చెట్ల నీడలో మట్టి కింద ఉండబట్టి గాలికి చిక్కలేదు. కొబ్బరి, అరటి, కంద కలిపి వెయ్యడం మా తాతల నాటి పద్ధతి. వాళ్ళూ భయంతోనే కలిపి ఉంటారు.

తమ్ముడు ఒక్కో మాటా ఫ్రెంచిలోకి మార్చి చెప్పాడు. మధ్యలో ఒకసారి వాడి గొంతు ఆగింది.

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, ఆ నవంబరు మొదటివారంలో తను ఈ సీసాలోని వైన్‌నే తొట్లలోంచి పీపాల్లోకి పట్టిస్తున్నానని చెప్పాడు. మూడేళ్ళకి, 1999 డిసెంబరు 27 రాత్రి, వాళ్ళకీ తుఫాను వచ్చింది. దక్షిణాన లాండ్ అడవిలో సరుగుడులా నిటారుగా పెరిగే పైన్ చెట్లు లెక్కలేనన్ని పడిపోయాయి. జిరోంద్ గట్టు దాటి అణువిద్యుత్ కేంద్రంలోకి నీళ్ళొచ్చాయి. వాళ్ళ అన్నగారికి అక్కడ ముప్ఫయ్యేళ్ళ పైన్ తోట ఉండేదట. పొద్దున్నే వెళ్ళి చూసి, "వెలుతురు ఎక్కువైంది" అన్నాడట ఆ అన్నగారు. అంతకుమించి ఒక్క మాటా అనలేదట. నూతి దగ్గర పడిన ఎండ నాకు మళ్ళీ కళ్ళలో పొడిచినట్టయింది.

గ్లాసులో మూడోవంతే పోశాడు. నిండుగా పొయ్యడం మా వైపు మర్యాద; ఇక్కడ వాసన నిలవడానికి చోటు వదలడం మర్యాద. గ్లాసు వంచితే అంచున ఇటుక రంగు, నడుమ దానిమ్మగింజ రంగు. ముందు మూసిపెట్టిన గది వాసనే వచ్చింది. ఆగమన్నాడు. పావుగంటకి పెన్సిల్ చెక్కితే వచ్చే వాసన. ఇంకాసేపటికి ఆరబెట్టిన పొగాకు, వాన వెలిశాక తడి ఆకుల కింద పుట్టగొడుగులు. చివరికి నాకొక్కదానికే తెలిసిన వాసన ఒకటి తగిలింది: దింపు కాయలు పోసిన పాకలో, తడిసి ఆరిన పీచు వాసన. అది నిజంగా ఆ గ్లాసులో ఉందో, నేను చెప్పుకున్న కథలోంచి వచ్చిందో వేరు చెయ్యలేను.

గుక్క నోట్లో ఉంచుకున్నాను. పొద్దున్న నాలుకని పట్టి లాగిన వగరే ఇది. గరుకు పోయి, చేతి అరుగుదలకి నునుపెక్కిన రోకలిలా ఉంది. ఉసిరికాయ నమిలి నీళ్ళు తాగితే ఆఖర్న ఒక తీపి వస్తుందే, అలా మింగాక చాలాసేపటికి గొంతులో ఏదో మెత్తగా మిగిలింది. 1996 అంటే నాకు అంతవరకు ఉప్పుగాలి, బురద, విరిగిన మొవ్వు. అదే ఏడు, అదే ఎండ, ఇంకో నది ఒడ్డున ఇలా పండి, ఎవరూ తొందరపెట్టకుండా చీకట్లో పడుకుని ఉంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పెద్దాయన చూసి, తల తిప్పుకుని, రొట్టె కోస్తూ కూచున్నాడు. ఆ మర్యాద నేను మరిచిపోలేను.

మేం ముగ్గురం ఆ పూట ఒక్క సీసా పూర్తి చెయ్యలేదు. ఎవరూ ఇంకొంచెం అని బలవంతం పెట్టలేదు, ఎవరి గొంతూ పెరగలేదు. మా ఊళ్ళో నేను చూసిన తాగుడికీ దీనికీ పోలిక తేవడం ఇష్టం లేదు. ఆ దేశంలోనూ దీనివల్ల పోయే ప్రాణాలున్నాయి, వైన్ ప్రకటనల మీద ఆరోగ్యానికి హాని అని రాయమని వాళ్ళకీ చట్టం ఉంది. మా అమ్మ నడిచిన ఊరేగింపు నాకు ఈనాటికీ సరైనదే. అయినా ఆ బల్ల దగ్గర నేను తాగినది ఒక రైతు దాచిపెట్టిన ఏడాది. దానికి ఇంకో పేరు పెట్టలేను.

వచ్చేటప్పుడు ఆయన ఆ బిరడాని రుమాల్లో చుట్టి ఇచ్చాడు.

కార్తీకమాసంలో ఊరెళ్ళాను. తుఫాను తరవాత నాన్న వేసిన మొక్కలు ఇప్పుడు నూతి మీద మళ్ళీ నీడ పట్టాయి. అరుగు మీద కూచుని ఉన్నాడు. బిరడా చేతిలో పెడితే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకవైపు ముదురెరుపు, ఇంకోవైపు మామూలు చెక్క రంగు. దాని మీదున్న అంకె చూపించాను. వేలితో తడిమి, "ఆ ఏడే?" అన్నాడు. "ఆ ఏడే నాన్నా" అన్నాను. కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

తరవాత సెయింట్ జూలియన్ ఆకు ఫొటో చూపించి, మైలుతుత్తం మందు అక్కడే పుట్టిందని, బోర్డో పేరే దానికి పెట్టారని చెప్పాను. ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, ఆ నీలం మరకల్ని శ్రద్ధగా చూశాడు.

"అంచు మాడింది చూడమ్మా. సున్నం చాల్లేదు" అన్నాడు. "చాకు ముంచి చూశారంటనా?"